నాడె మార్కు పడవ

ఈ ఉదయం పేపరు విప్పగానే లోపలి నుంచి నున్నటి కరపత్రం ఒకటి జారి ఒళ్లో పడింది. కొత్త రంగుల అచ్చు వాసన, కిరసనాయిలుకూ కొత్త చెప్పులకూ మధ్య ఎక్కడో ఉండే ఆ వాసన, చేతిలోని కాఫీ వాసనను పక్కకు నెట్టి ముక్కులోకి దూరింది. ఆదోని రోడ్డులో కాలవ పక్కన ప్లాట్లు వేస్తున్నారట. 'కెనాల్ వ్యూ' అని పేరు. బొమ్మలో అద్దంలాంటి నీళ్లు, రెండు గట్ల మీదా పచ్చిక, నీళ్ల మీద సన్నగా పొడుగ్గా ఒక పడవ: ఎర్ర అంచు, ఆకుపచ్చ ఒళ్లు, పక్కన వరసగా కిటికీలు, పైన బుల్లి పొగగొట్టం, కప్పు మీద పూలకుండీలు. మా కాలవలో ఏడాదికి కొన్ని నెలలే నీళ్లుంటాయనీ, మిగతా నెలల్లో అందులో గొర్రెలు నడుస్తాయనీ, నీళ్లున్నప్పుడు కూడా బర్రెలు తప్ప ఏవీ తేలవనీ ఎమ్మిగనూరులో పుట్టినవాడికి ఎవడికైనా తెలుసు. బొమ్మ వేసినవాడికి తెలియదు, అంతే. తెలియనందుకు ఆ బొమ్మ వేసినవాడి మీద నాకు కోపం లేదు. పైగా పాత చుట్టాన్ని చూసినట్టయింది.

"ఈ పడవ నేను ఎక్కినాను" అన్నాను మా మనవరాలితో.

ఫోనులోంచి తల ఎత్తకుండానే, "యాడ తాతా?" అంది.

"ఈడనే. ఎమ్మిగనూరులో."

అప్పుడు తలెత్తింది. నమ్మి కాదు, ఈసారి అబద్ధం ఎంత పొడుగుందో కొలుద్దామని.

మనవరాలికి ఏం చెప్పినా చెల్లుతుంది, చదివేవాళ్లకు నిజం చెప్పాలి కదా. నేను ఎక్కలేదు. ఇంత వయసొచ్చినా అలాంటి పడవను కాగితం మీద తప్ప చూడనైనా లేదు. అలాగని బొత్తిగా ఎక్కలేదనీ అనలేను. అదెట్లాగో తెలియాలంటే అరవై ఏళ్లు వెనక్కి, మా నేత వీధిలోకి రావాలి.

చలికాలం పొద్దున్నే మా వీధిలోకి వస్తే మీకు నడవడానికి దారి ఉండేది కాదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా, నడుమెత్తున, కర్రల మీద పడుగు సాచి ఉండేది. చీరకు నిలువుపోగులయ్యే దారాలన్నీ వేలకు వేలుగా పక్కపక్కనే బిగించి, వాటికి ఇద్దరు మనుషులు అటూ ఇటూ నడుస్తూ పెద్ద కుంచెతో జొన్న గంజి పట్టించేవాళ్లు. ఆ పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, ఎవరింటి నుంచో కాలుతున్న రొట్టె వాసన, రాలిన గంజి చుక్కలను నాకుతూ పడుగు కిందే నడిచే కుక్కలు, బడికి పోవాలంటే ఆ కుక్కల వెంట వంగి నడిచే మేము. ఎండ ఎక్కేలోపు పని ముగియాలి కాబట్టి పెద్దవాళ్లు మాట్లాడుకోవడం కూడా పరుగు మీదే. నీలం రంగు పడుగు సాచిన రోజు, కింద కూచుని పైకి చూస్తే, వీధి మొత్తం నీళ్లు పారుతున్నట్టు ఉండేది. నాకు తెలిసిన మొదటి కాలవ అదే.

మా ఇల్లు వీధి మలుపులో. ముందు గదిలో మగ్గం, దాని కింద కాళ్లు పెట్టుకునే గుంట, గుంటలో కాళ్లు దించుకుని పొద్దు పొడిచింది మొదలు పొద్దు వాలేదాకా మా నాయన. ఆయన చేతిలో నుంచి నాడె ఈ కొస నుంచి ఆ కొసకు ఉరుకుతూ అడ్డపోగు పరుస్తూ ఉండేది. రెండు వైపులా కొస తేలి, నడుమ కడుపులో దారపు కండెను దాచుకుని, పక్కనున్న చిన్న కన్నులో నుంచి ఆ దారాన్ని వదులుతూ పోయే కొయ్య ముక్క అది. మగ్గానికి పక్కగా రాట్నం ముందు మా అవ్వ, అంటే నాయనకు అమ్మ. అవ్వకు నోట్లో పన్ను లేదు. ఆకువక్కను చిన్న రోట్లో దంచుకుని నమిలేది. మాటలను మాత్రం దంచే పని లేదు, అవి నేరుగానే వచ్చేవి.

నూలు ఆదోని సావుకారి అంగడి నుంచి కట్టలు కట్టలుగా వచ్చేది. ప్రతి కట్ట మీదా ఊదా సిరాతో బొటనవేలంత ముద్ర ఒకటి ఉండేది. ముద్ర కొట్టేవాడికి సిరా మీద ప్రేమ ఎక్కువేమో, అది ఎప్పుడూ అలుక్కుపోయే ఉండేది. కనబడినంతలో, రెండు వైపులా సన్నబడిన పొడుగాటి వస్తువు ఒకటి, దాని కొస నుంచి ఒక దారం, దారం చివర ఒక మచ్చ. పుట్టినప్పటి నుంచీ నాడెను చూస్తున్న వీధి, దాన్ని ఇంకొకటి అనుకోవాల్సిన పనేముంది? నాడె, నాడె నుంచి వచ్చే దారం. "నాడె మార్కు నూలు" అని అందరూ ముద్దుగా పిలిచేవాళ్లు. తగాదా అంతా చివరనున్న మచ్చ గురించే. నాయన అది దారపు ముడి అనేవాడు. అవ్వ ఈగ అనేది.

అట్లాంటి రోజుల్లో ఒక జాతర ముందర, తేరుకు ఇంకో వారం ఉందనగా, ఖాజా మామ రంగు డబ్బాలతో ఆదోని బస్సు దిగాడు. ఆయన చాలా ఏళ్లు ఆదోనిలో సినిమా బోర్డులు రాశాడు. ఆ మధ్య హాలువాళ్లు, హీరోయిన్ల కళ్లు ఇంకా పెద్దవిగా వేసే కుర్రాడిని పెట్టుకుని ఈయనను మానిపించారు. అప్పటి నుంచి ఇళ్లకు సున్నం కొట్టి బతుకుతున్నాడు. నూలు సావుకారి జాలిపడి ఒక మాట ఇచ్చాడు. జాతరకు చుట్టుపక్కల ఊళ్ల నేతవాళ్లంతా వస్తారు కాబట్టి ముందు మా ఇంటి పక్కగోడ మీద నూలు బొమ్మ వెయ్యాలి. తేరు ముందు రోజు తాను వచ్చి చూస్తాడు. నచ్చితే ఇక్కడి నుంచి ఆదోని దాకా రోడ్డు పక్క గోడలన్నీ ఖాజా మామవే. నచ్చకపోతే మళ్లీ సున్నం కుంచే. ఈ సంగతి ఆయనే, గోడను గోకుతూ, నవ్వుతూ చెప్పాడు. నవ్వులో ముందరి పన్ను లేదు.

ఆ గోడ ముప్పై అడుగుల పొడవు. సరే, ఇరవై. దొడ్డి వాకిలి తీసేస్తే పదహారు.

గోడకు తెల్లరంగు ఆరాక మామ సంచిలోంచి ఒక కాగితం తీశాడు. బడి పలక అంత ఉంది. మిల్లువాళ్లు బేలుకు ఒకటి చొప్పున అంటించే పెద్ద బొమ్మ అది, మా నూలు కట్టల ముద్రలో అలుక్కుపోయేది ఇదే. బేళ్లు ఆదోనిలోనే విప్పేస్తారు కాబట్టి మా వీధి దాన్ని ఎన్నడూ చూసి ఎరగదు. మచ్చుకు సావుకారి ఇచ్చిందదొక్కటే, ఇంకో బేలు జాతర అయ్యాక గానీ రాదు. ఆ కాగితం మీద రంగులు, అబ్బ, ఇప్పటికీ కళ్లు మూసుకుంటే తడిగానే ఉన్నాయి. ఇంత సన్నని కాలవ, అందులో పట్టీపట్టనంత పొడుగైన పడవ, నాలుగు కిటికీలు, ఒక్కో కిటికీ కింద గులాబీల గుత్తి, పొగగొట్టం, గట్టు మీద తాడుతో దాన్ని లాగుతున్న తెల్ల గుర్రం. వెనక నుంచి సరేసు జిగురు వాసన.

వీధంతా మూగింది. నాయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడంటేనే అర్థం చేసుకోండి.

"నాడె కాదురా, పడవ!" అన్నారు ఎవరో.

"పడవంట, పడవ" అంది అవ్వ కాగితానికి ముక్కు ఆనించి. "గుర్రం నాడెను లాగుతాండాది గదా, కండ్లు లేవా మీకు? పెద్ద ఊర్లలో పెద్ద మగ్గాలు. మనిషి చెయ్యి ఆడతాదా? గుర్రాన్ని కట్టినారు."

"మరి నీళ్లెందుకమ్మా?" అన్నాడు నాయన.

"నూలు తడుపుకోవద్దేందిరా?"

నాయన తిరిగి మగ్గం గుంటలోకి దిగాడు.

మధ్యాహ్నం మామ నమాజుకు పోయినప్పుడు, రాయి కింద పెట్టిన ఆ కాగితాన్ని నేను తీశాను. దొంగతనం అనుకోలేదు. కాలవకు చూపించి తెద్దామనుకున్నాను. ఊరి బయట మాకూ ఒక కాలవ ఉంది, అందులో ఆ నెలలో నీళ్లూ ఉన్నాయి, మరి పడవ ఎందుకు రాదు అన్నది నా బాధ. కాగితాన్ని చొక్కా లోపల పొట్టకు ఆనించుకుని అయిదు మైళ్లు నడిచాను. అంటే, చాలా దూరం ఒక ఎద్దులబండి వెనక వేలాడుతూ నడిచాను. గట్టు మీద నిలబడి కాగితాన్ని చేయి చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తే, బొమ్మలోని పడవ మా కాలవలో సరిగ్గా పట్టింది. అంతే, కూచున్నాను. ఎదురుచూశాను. కాలవ కాపలా లస్కరు సైకిలు మీద పోతూ ఆగాడు.

"ఏంరా, ఈడ కూసున్నావు?"

"పడవ కోసరం."

ఆయన నవ్వలేదు. కాలవను పైకీ కిందికీ చూశాడు. "హొళగుంద కాణ్నుంచి సూసుకుంటా వచ్చినానప్పా, యాడా కనపల్యా. పొద్దు పోతాండాది, ఇంటికి పో" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పటికి మా ఇంటి ముందు మామ రంగు డబ్బా బోర్లించి, దాని మీద తల పట్టుకుని కూచున్నాడు. అవ్వ గంజి కుండ అడుగు దాకా దేవి చూసింది. నాయన మగ్గం గుంటలో దీపం పెట్టి వెతికాడు. "మచ్చు పోగొట్టుకున్నోనికి ఇంకో గోడ ఎవరిస్తార్లే" అని మామ నేలకు చెబుతున్నాడు. అప్పుడే ఇచ్చేసి ఉండాల్సింది. కానీ మా నాయన కొట్టే మనిషి కాదు, మాట్లాడటం మానేసే మనిషి. ఒకసారి మూడు రోజులు మానేశాడు. దానికంటే బడితపూజ నయం. ఆ భయంలో సగం ఇది. మిగతా సగం, నిజం చెప్పొద్దూ, ఆ కాగితం వదలబుద్ధి కాలేదు.

ఇంతలో ఇంకో తప్పు చేశాను. ఎక్కడ తిరిగొచ్చావని అడిగిన నా ఈడు పిల్లలకు, కాలవలో పడవ వచ్చిందనీ, నన్ను ఎక్కించుకుని హొళగుంద దాకా తిప్పిందనీ, గుర్రం పేరు సుల్తాననీ చెప్పాను. మర్నాటికి ఆ మాట ఖాజా మామ చెవిన పడింది.

"నువ్వు ఎక్కినావంట గదరా బేటా" అన్నాడు, నన్ను గోడ ముందు నిలబెట్టి. "నాకు మతికి సగమే వస్తాండాది. ఎక్కినోనికి అంతా తెలుస్తాది. సెప్పు, కిటికీలెన్ని?"

కిటికీలు నేనూ మరిచిపోయాను. "ఒంటికి పోయొస్తా మామా" అని దొడ్లోకి ఉరికి, చొక్కా ఎత్తి, కాగితం చూసి, ఉరికి వచ్చాను. "నాలుగు!"

"శభాష్. పూలు యాడుండె?"

"ఒంటికి..."

"పో, పో."

అట్లా మూడు రోజులు. పొగగొట్టం ముందుందా వెనకుందా, గుర్రం ఏ కాలు ఎత్తింది, తాడు పడవకు ఎక్కడ కట్టారు, ప్రతిదానికీ నేను దొడ్లోకి పోవడం, నిజం పట్టుకుని రావడం. "నీకు ఒంటికి వస్తే గాని ఏమీ మతికి రాదు గదరా!" అన్నాడు మామ ఒకసారి, కుంచె ఆపి. అవ్వ నాకు ధనియాల కషాయం కాచి పోసింది. నా జన్మలో అంత నిజాయితీగా అబద్ధం ఎప్పుడూ ఆడలేదు.

నేను చెప్పింది చెప్పినట్టు వేసి ఉంటే కథ సుఖంగా ముగిసేది. కానీ గోడ ఉన్నది నేత వీధిలో. గంజి కుంచెలు పట్టుకుని పోయేవాళ్లు, వచ్చేవాళ్లు, ఒక్కొక్కరూ ఆగడమే. "నాడెకు కొసలు సన్నగుండాల ఖాజా, ఇట్ల మొద్దుగుంటే పోగులు తెంపుతాది." కొసలు సన్నబడ్డాయి. "కన్ను పెట్టల్యా? దారం యాణ్నుంచి వస్తాది?" కన్ను వచ్చింది. "లోపల కండె యాడ?" కండె కూడా వచ్చింది. గుర్రం మెడ నుంచి వచ్చిన తాడు ఆ కన్నులోంచి దూరి కండెకు చుట్టుకుంది. తేరు ముందు రోజుకు గోడ మీద తయారైనది నాలుగు కిటికీలు, గులాబీలు, పొగగొట్టం ఉన్న నాడె. దాన్ని ఒక గుర్రం నీళ్లలో నేస్తోంది.

సావుకారి ఆదోని నుంచి కారులో దిగాడు. ఇంట్లో కన్నడం మాట్లాడే మనిషి, కోపం వస్తే తెలుగు మరిచిపోయేవాడు. గోడను చూసి, "ఏనప్పా ఇదు?" అన్నాడు. ఆ మాటతోనే ఖాజా మామ మొహం సున్నమైంది.

"మచ్చు తియ్యి. పక్కన పెట్టి సూడల్ల."

ఇక్కడ నేను మామూలుగా చెప్పే కథ ఏమిటంటే: జనాన్ని రెండు చేతులతో తోసుకుంటూ ముందుకు వెళ్లి, చొక్కాలోంచి కాగితం తీసి సావుకారి చేతిలో పెట్టి, 'తీసింది నేను, మామది తప్పు లేదు' అన్నాననీ, వీధంతా గుడ్లప్పగించిందనీ. పెళ్లిళ్లలో చెప్పాను, బడిలో పిల్లలకు చెప్పాను, మా ఆవిడకు పెళ్లయిన కొత్తలో రెండుసార్లు చెప్పాను.

నిజం ఏమిటంటే నేను మగ్గం గుంటలో దాక్కున్నాను. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, బయట మామ "పోయింది సావుకారీ, యాడ పోయిందో తెలియల్యా" అనడం విన్నాను. సావుకారి, "మచ్చు పోగొట్టి నీ బుద్ధికి వచ్చినట్ట గీకినావేమి? ఇంకో గోడ నువ్వు అడగొద్దు" అనడం కూడా విన్నాను. అయినా లేవలేదు. అప్పుడు గుంటలోకి ఒక ముడుతల చెయ్యి దిగింది. "ఇయ్యి" అంది అవ్వ. నేను కూచున్నా లేచినా నా పొట్ట దగ్గర కాగితం గరగరలాడుతోందని మొదటి రోజు అన్నం పెడుతున్నప్పుడే ఆమెకు తెలుసట. నేనే ఇస్తానేమోనని చూసిందట. ఇచ్చాను. గుంట అంచుకు కళ్లు ఆనించి చూస్తూ ఉండిపోయాను.

అవ్వ బయటికి పోయి, "నేనే తీసినా నాయనా. పిండి డబ్బాకు మూత లేకపోతే కప్పినా. ముసల్దాన్ని, మతి ల్యా" అని కాగితం ఖాజా మామకు ఇచ్చింది. అవ్వకు మతి లేకపోవడమన్నది ఆ వీధిలో ఎవరూ వినని వార్త. మామ కాగితం మడతలు విప్పాడు. నాలుగు మడతలు, చెమట మరక, ఒక మూల నేను సగం చప్పరించి దాచుకున్న పిప్పరమెంటు బిళ్ల అంటుకుని ఉంది. ఆయన ఆ బిళ్లను చూశాడు. పన్ను లేని అవ్వ నోటిని చూశాడు. తర్వాత మా వాకిట్లోంచి కనబడే మగ్గం గుంటను చూశాడు. బిళ్లను గోటితో గిల్లి తీసి, నోట్లో వేసుకుని, కాగితం సావుకారికి ఇచ్చాడు.

సావుకారి కాగితాన్నీ గోడనూ మార్చి మార్చి చూశాడు. "కిటికీ సరి, పూవు సరి, గుర్రం సరి. మచ్చు లేకనే ఇంత సరిగ్గా? మరి ఈ కన్ను ఏమి, కండె ఏమి?"

"మేమే పెట్టమంటిమి" అన్నాడు నాయన. అంతమందిలో నాయన నోరు విప్పడం నేను చూడటం అదే మొదలు. "పడవను మేం యాడ సూసినాం సావుకారీ? నాడెనైతే పిల్లోడు గూడా గుర్తు పడతాడు. ఏండ్ల నుంచి మీ నూలును నాడె మార్కనే కొంటాండాము."

సావుకారికి ఆ సంగతి అప్పుడే తెలిసింది. కాసేపు గోడను చూసి, పొట్ట కదిలేలా నవ్వాడు. "ఉండనీ. ఈ గోడకు ఇదే ఉండనీ. ఆదోని దావలో మాత్రం పడవే వెయ్యి ఖాజా" అన్నాడు. అంటే గోడలన్నీ మామవే.

తేరు రోజు పొద్దున నేను లేచి బయటికి వచ్చేటప్పటికి గోడ ముందు జనం. హొళగుంద, దేవనకొండ నుంచి బండ్లు కట్టుకుని వచ్చినవాళ్లు, తాలింపు బొరుగుల ఉగ్గాని పొట్లాలు చేత పట్టుకుని, మిరపకాయ బజ్జీ కొరుకుతూ నీళ్ల నాడెను చూస్తున్నారు. పడవ మీద రాత్రికి రాత్రి ఒక కొత్త మనిషి వచ్చాడు. చిన్న పిల్లవాడు, వెనక కొసన నిలబడి, రెండు చేతులూ చొక్కా మీద పొట్టకు అదిమి పట్టుకుని. ఆ చొక్కా నా చొక్కానే, భుజం మీది మాసికతో సహా.

"ఆ పిల్లోడు కడుపు పట్టుకున్నాడేంది?" అని ఎవరో అడిగారు.

"పడవెక్కినాడు గదా అన్నా, తిప్పుతాంది" అన్నాడు ఖాజా మామ, డబ్బాలు సర్దుకుంటూ, నా వైపు చూడకుండా.

అదీ నేను పడవెక్కిన వైనం. క్షమాపణ అడగడానికి ఆ రోజు నోరు రాలేదు. తర్వాత ఆయన ఆదోని దావలో గోడలన్నీ పూర్తి చేసి, ఆపైన ఏ ఊరు పోయాడో పోయాడు. నాకు నోరొచ్చేటప్పటికి మామ లేడు.

వానలకు మొదట గుర్రం పోయింది. తర్వాత కిటికీలు, గులాబీలు, నీళ్లు. అన్నిటి కంటే చివర దాకా నిలిచింది కడుపు పట్టుకున్న ఆ పిల్లవాడే. ఎందుకంటే వాడికి మాత్రం మామ సినిమా బోర్డుల మంచి రంగు వాడాడు. కిందటిసారి రోడ్డు వెడల్పు చేసినప్పుడు గోడా పోయింది. అక్కడ ఇప్పుడు సెల్లు రీచార్జి షట్టరు ఉంది. వీధిలో పడుగు సాచేవాళ్లు లేరు, గంజి నాకే కుక్కలు లేవు, అవ్వ లేదు. 'ఇయ్యి' అని చేయి దించేవాళ్లు లేకపోతే నాలాంటివాడు ఎన్ని అబద్ధాల గుంటల్లో ఎన్నేళ్లు కూచుంటాడో మీరే చూస్తున్నారు. అందుకే ఈసారి ఎవరూ అడక్కముందే రాసి ఇచ్చేస్తున్నాను.

ఆ కరపత్రాన్ని చెత్తబుట్టలో వేస్తాననుకుంది మా మనవరాలు. నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలికి తోసుకోవడం ఆమె కంట పడింది.

"ఏంది తాతా, కడుపు పట్టుకున్నావు?"

"పడవెక్కినాను గదమ్మా" అన్నాను. "తిప్పుతాంది."